చిమ్కోడ్‌లో ఎర్ర ద్వారం

మా అన్న శ్రీశైల్‌తో నేను మాట్లాడి పదిహేడేళ్ళు దాటింది. బీదర్ బస్టాండులో ఎదురుపడితే అతను పండ్ల బండ్ల వైపు తిరుగుతాడు, నేను మూత్రశాలల వైపు తిరుగుతాను. భూమి తగాదా అని ఊరంతా అనుకుంటుంది. భూమి గురించే అయితే ఏ కోర్టుకో పోయి తేల్చుకునేవాళ్ళం. మా ఇద్దరికీ మధ్య పడ్డవి రెండు సిమెంటు స్తంభాలు, వాటి మీద రెండు దూలాలు. వాటిని గీసింది నేనే.

అది 2007 ఎండాకాలం. హైదరాబాద్ అప్పుడు ఆకలి తీరనట్టు చుట్టూ ఉన్న ఊళ్ళను మింగుతోంది. సంగారెడ్డి అయింది, జహీరాబాద్ అయింది, ఇక రాష్ట్ర సరిహద్దు దాటి వెంచర్ల వాళ్ళు మా బీదర్ మీద పడ్డారు. శనివారం వచ్చిందంటే చౌబారా బురుజు దగ్గర చాయ్ హోటళ్ళలో తెల్ల చొక్కాలు, నల్ల కళ్ళద్దాలు. పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళను అన్నా అని పిలిచి, ఊరేది, రోడ్డు పక్క చేను ఎవరిది అని అడిగేవారు. మా చిమ్కోడ్‌లో రోడ్డు పక్క చేను మాదే.

నేను బీదర్‌లో యంత్రాల విడిభాగాల ఫ్యాక్టరీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. అంతకు ముందు ఏడాది కంపెనీ నన్ను నాలుగు నెలల శిక్షణకు జపాన్ పంపింది. టోక్యో చూశావా అని అందరూ అడుగుతారు. విమానం దిగినప్పుడు చూశాను, అంతే. నన్ను పడేసింది కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో. భాష రాదు, తిండి పడదు, ఆదివారం గదిలో కూర్చుంటే గోడలు మీద పడుతున్నట్టుండేది. అందుకని ఫ్యాక్టరీ వాళ్ళ సైకిలు తీసుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగాను. ఊరికో గుడి. గుడికి చాలా ముందే ఒక ఎర్ర ద్వారం. దానికి తలుపుల్లేవు, అటూ ఇటూ గోడల్లేవు. రెండు స్తంభాలు, పైన రెండు అడ్డదూలాలు, రెంటిలో పైదాని కొసలు కొంచెం మీదికి లేచి ఉంటాయి. తోరీ అంటారు దాన్ని. ఒక ఊళ్ళో వరి మడుల మధ్య ఒంటరిగా ఉంటుంది, ఇంకో ఊళ్ళో కొండ మెట్ల మొదట్లో ఉంటుంది.

మొదటిసారి నేను దాని నడుమ నుంచి దర్జాగా నడిచిపోయాను. ఒక ముసలావిడ పరుగున వచ్చి నా చొక్కా చెయ్యి పట్టి పక్కకు లాగింది. నడిమి దారి దేవుడిదట, మనం అంచున పోవాలట, పోయేముందు తల వంచాలట. ఇదంతా ఆమె చేతులతోనే చెప్పింది. ఆ రోజు నుంచి అన్నీ గీయడం మొదలుపెట్టాను. మేకు కొట్టకుండా దూలంలో దూలం ఎలా ఇరికించారో, చెట్టు బెరడుతో కప్పు ఎలా వేశారో, పాత అంగళ్ళ ముందు సన్న చెక్కల జాలీ ఎలా బిగించారో అన్నీ. అట్ట పుస్తకం నిండిపోయింది.

తిరిగొచ్చాక ఆ పుస్తకం చూసేవాడు లేడు. అన్న ఒక్కసారి తిరగేసి, "ఇండ్లు మనయే నయమున్నయి కదరా" అని మూసేశాడు. నాకు ఒళ్ళు మండింది. పుస్తకం తీసుకుని పెట్టెలో పెట్టాను.

మార్చిలో అఖిలేష్ వచ్చాడు. హైదరాబాద్ వెంచర్ మనిషి, మనిషి కంటే ముందు అతని అత్తరు వాసన వచ్చింది. అన్న ఇంట్లో కూర్చుని మాట్లాడుతుంటే జపాన్ సంగతి ఎలా వచ్చిందో వచ్చింది. అన్ననే, "మావోడు పోయొచ్చిండు" అని గొప్పకు పోయి నా పుస్తకం తెప్పించాడు. అఖిలేష్ ఎర్ర ద్వారం దగ్గర ఆగిపోయాడు.

"బ్రదర్, ఇది కావాలె నాకు. మలేషియా పేరు పెట్టిండ్రు, సింగపూర్ పేరు పెట్టిండ్రు. జపాన్ ఇంకా ఎవ్వడు పెట్టలే. ఎంట్రెన్స్‌ల ఇది నిలవెడ్తే రోడ్డు మీద పోయెటోడు ఆగాల్సిందే."

"ఇది గుడి ముంగట పెట్టేది సార్," అన్నాను.

"ఇక్కడ ఎవరికి ఎర్క?"

నాకు ఎరుకే కదా. అదే మాట అనొచ్చు. అనలేదు. ఎందుకంటే అతను వెంటనే, "బోర్డు మీద నీ పేరు రాపిస్తా, డిజైన్ చంద్రప్ప అని," అన్నాడు. పదేళ్ళుగా బోల్టులు, వాషర్లు గీస్తున్నవాడికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో మీరే ఊహించుకోండి. మూడు రోజుల్లో కొలతలతో సహా గీసి ఇచ్చాను. అది ఎక్కడ నిలబడుతుందో తెలిసే ఇచ్చాను.

అది నిలబడేది మా అత్త చేనులో. ఎంకమ్మత్త మా నాన్న చెల్లెలు. పెళ్ళయిన మూడో ఏడే మొగుడు పోతే తిరిగొచ్చింది. రోడ్డు పక్క రెండెకరాలు బతికున్నన్నాళ్ళు దున్నుకొమ్మని నాన్న నోటిమాటగా ఇచ్చాడు. కాగితం మాత్రం పెద్దకొడుకని అన్న పేరు మీదికి పోయింది. అత్త అక్కడే రేకుల గది వేసుకుని కంది, పెసర వేసేది. నేను పదో తరగతి దాటింది ఆమె కందుల మీదే. నోరు మాత్రం మహా చెడ్డది. ఊళ్ళో ఆమె తిట్టని మనిషి లేడు, సర్పంచ్‌ను తిట్టింది, కరెంటు లైన్‌మన్‌ను స్తంభం ఎక్కించి మరీ తిట్టింది.

ఏప్రిల్‌లో స్తంభాలు లేచాయి. అన్న ఆమెకు అప్పటిదాకా ఒక్క మాట చెప్పలేదు. మేస్త్రీలు సిమెంటు కలుపుతుంటే ఆమె కొడవలి పట్టుకుని అడ్డం నిలబడింది. ఎవరో ఫోన్ చేస్తే మేమిద్దరం పోయాం.

"అత్తా, కంది ఒడిసింది కదా. ఇగ దున్నకు. మా ఇంట్ల అర్ర ఇస్త, వచ్చి కూసో," అన్నాడు అన్న.

"నీ ఇంట్ల కుక్క గూడ నిలుస్తలేదు, నేనుంటనారా?"

"కాగితం నా పేరు మీదున్నది. మంచిగ చెప్తున్న, ఇను."

"మీ నాయిన మాట నీకు కాగితం కన్న అల్కగైందా?"

"సచ్చినోళ్ళ మాట ఆఫీసుల నడువదు."

అత్త కొడవలి కింద పడేసి నా వైపు తిరిగింది. "నువ్వేమంటవ్ చంద్రప్పా?"

నేను స్తంభం వైపు చూశాను. బిగించిన సెంట్రింగు చెక్కల మధ్య సిమెంటు బాగానే పట్టింది. "అన్న సోంచాయించే చేస్తుండు కదా అత్తా," అన్నాను. ఆమె నా కాళ్ళ పక్కన ఉమ్మేసింది. నా మీదే ఉమ్మినా నేను తుడుచుకుని నోరు మూసుకోవలసిందే.

ఎర్ర రంగు వేసిన మరునాడు సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి నేరుగా అక్కడికి పోయాను. ఎవరో పిలిచి కాదు. నేను గీసింది నిలబడితే ఎలా ఉందో చూసుకోవాలని. నిజం చెప్పాలంటే అందంగా ఉంది. ఎర్రమట్టి చేనులో, పడమటి ఎండలో, ఆ కొండల ఊళ్ళో చూసినదాని కంటే ఏమీ తీసిపోలేదు. అత్త స్తంభానికి ఆనుకుని కూర్చుని కందిపప్పు చెరుగుతోంది.

"గిది నువ్వే గీసినవంట," అంది తల ఎత్తకుండా.

"అవునత్తా."

"ఏందిది?"

వెంచర్ కమాను అంటే సరిపోయేది. అఖిలేష్ అదే చెప్పమన్నాడు. నాకేమో నా గొప్ప చెప్పుకోవాలనీ ఉంది, ఆమె ముందు తప్పు కడుక్కోవాలనీ ఉంది. రెండూ కలిసి నిజం బయటికొచ్చింది.

"ఆ దేశంల గుడి ముంగట పెడ్తరు. దీనవతల దేవుని జాగ అని గుర్తు."

"తలుపు లేదు?"

"ఉండదు. నడుమల నుంచి దేవుడు పోతడు. మనం తల వంచి పక్క నుంచి పోవాలె."

"లోపట గుడి లేకుంటెనో?"

"కొన్ని దిక్కుల ఉండదత్తా. కొండనే దేవుడంటరు. బండనే అంటరు. దానికి ముంగట ఇది నిలవెడ్తరు, అంతే."

అత్త చేటలో రాళ్ళు ఏరి పారేసింది. ద్వారం అవతలికి, చేను మూలకు ఒకసారి చూసింది. తర్వాత లేచి, "జొన్న రొట్టె చేసిన. తిని పో," అంది. నెల రోజుల్లో ఆమె నాతో మంచిగా అన్న మొదటి మాట అది. తిన్నాను, పోయాను.

మా వైపు చేనుల్లో అయిదు చిన్న రాళ్ళుంటాయి. పాండవులంటారు, మొక్కు మాత్రం భూమితల్లికి, ఆమెనే అమ్మ అంటారు. చలికాలపు అమావాస్య పండుగ ఎళ్ళమాస నాడు సున్నం పూసి, గుడిసె కట్టి, బుట్టల్లో వంటలు మోసుకుపోయి మొక్కుతారు. మిగతా ఏడాదంతా వాటిని పట్టించుకునేవాడు లేడు. మరునాడు పొద్దున అత్త ఆ అయిదు రాళ్ళనూ చేను మూల నుంచి పెకిలించి తెచ్చి, ఎర్ర ద్వారానికి పది అడుగుల వెనక వరసగా పాతింది. సున్నం వేసింది, పసుపు వేసింది, దీపం పెట్టింది. దారిన పోయే ఆడవాళ్ళు ఏందని అడిగితే, "జపానుల గుడికి గిట్లనే పెడ్తరంట. మావోడు కండ్లార జూసొచ్చిండు," అని చెప్పింది. ఊళ్ళో నేను చదువుకున్నవాణ్ణి, విమానం ఎక్కినవాణ్ణి. నా మాట మీద ఎవరికీ అనుమానం రాలేదు. మంగళవారానికి ఏడు కొబ్బరికాయలు పగిలాయి.

ఆదివారం మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి ప్లాట్లు చూసేవాళ్ళ బస్సు వచ్చింది. షామియానా వేశారు, మిర్చి బజ్జీ వేయించారు. అన్న కొత్త చొక్కాలో నిలబడ్డాడు, నేనూ నిలబడ్డాను. బస్సు ద్వారం దాకా వచ్చి ఆగింది. నడుమ దారిలో అత్త బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"దిగుండ్రి. నడిమి తొవ్వ అమ్మది. బండి పోవద్దు."

అఖిలేష్ దిగి వచ్చాడు. "పెద్దమ్మా, లెవ్వు. ఇది గుడి కాదు, కమాను."

"నీ అయ్య జెప్పిండా కమానని?"

బస్సులో ఆడవాళ్ళు అప్పటికే దిగారు. పసుపు చూశారు, దీపం చూశారు, ఒకరిని చూసి ఒకరు చెప్పులు విడిచారు. ఎండ పడమటికి తిరుగుతోంది, ద్వారం నీడ చేనులోకి పొడుగ్గా పాకుతోంది. సున్నం గీతలతో గీసిన మొదటి వరస ప్లాట్ల మీద పడింది. కళ్ళద్దాల ఆవిడ ఒకరు మొగుడితో, "గుడి నీడ పడే జాగల ఇల్లు కట్టుకుంటరా ఎవరైన? నాకొద్దు," అంది. పక్కనున్న ఇద్దరు ఆ మాట అందుకున్నారు.

"అమ్మా, గుడి కాదమ్మా!" అఖిలేష్ గొంతు పెరిగింది.

"గీసినోడు అగో, అక్కడున్నడు," అంది అత్త. "ఆన్నే అడుగుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు. అన్న కళ్ళు పెద్దవి చేసి తల అడ్డంగా ఊపాడు. చిన్నప్పటి నుంచీ అతను అలా తల ఊపితే నేను నోరు మూసుకునేవాణ్ణి. ఆ రోజు ఎందుకో ఆ ఊపుడు నన్ను ఆపలేదు. నా పుస్తకం మూసేసిన చెయ్యి గుర్తొచ్చింది, అత్త అడిగినప్పుడు స్తంభం వైపు తప్పుకున్న నా కళ్ళు గుర్తొచ్చాయి.

"గుడి ద్వారమే," అన్నాను. "ఆ దేశంల దీన్ని ఇంకో దేనికి కట్టరు."

అరగంటలో బస్సు వెనక్కి తిరిగింది. బజ్జీలు కూడా ఎవరూ తినలేదు. అన్న షామియానా కింద నన్ను చెంప మీద కొట్టాడు, నేను అతని కొత్త చొక్కా కాలరు పట్టుకున్నాను. మేస్త్రీలు విడదీశారు. చెంప మండుతూ ఉన్నా నాకు సంతోషంగా ఉంది. అంత సంతోషం జపాన్ విమానం ఎక్కినప్పుడు కూడా కలగలేదు.

వెంచర్ పదిహేను రోజుల్లో ఎత్తిపోయింది. దుబల్గుండి వైపు ఇంకెక్కడో చూసుకున్నారని విన్నాం. పోతూ పోతూ ద్వారం పగలగొట్టమన్నారు గానీ గడ్డపార ఎత్తడానికి ఒక్క కూలీ ఒప్పుకోలేదు. ఎవరిదో తప్పిపోయిన ఎద్దు మొక్కుకున్న మూడో రోజు దొరికిందట. ఆ తర్వాత శుక్రవారం జనం ఇంకా పెరిగారు. అత్త తడి గుడ్డతో రాళ్ళు తుడుస్తూ, వచ్చినవాళ్ళను అంచున నడవమని తిడుతూ, మధ్యలో విత్తనం కందులు ఎండబోసుకుంటూ ఉండేది. రోహిణి ఎండ మాడ్చేస్తోంది. "మిరుగు కార్తె రాంగనే అచ్చు తోలి కంది ఎయ్యాలె. ఈసారి ఎడ్లు మాట్లాడి పెట్టు చంద్రప్పా," అంది. నేను గెలిచాననే అనుకున్నాను.

అన్న ఊరుకునే రకం కాదని నాకు గుర్తుండాల్సింది. మే చివర్లో అతను తెల్ల ధోతి కట్టి, నుదుట విభూతి పెట్టి, ద్వారం దగ్గరకు రావడం మొదలుపెట్టాడు. తల వంచి, అంచు నుంచే నడిచాడు. వారం తిరక్కముందే గుడి కమిటీ పుట్టింది. అధ్యక్షుడు శ్రీశైల్.

జూన్ మొదటి ఆదివారం పొద్దున పంచాయతీ ఆఫీసు ముందు అందరినీ కూర్చోబెట్టారు. పెద్దమనిషి సిద్ధప్ప బల్ల మీద కూర్చున్నాడు. అన్న లేచి చేతులు జోడించాడు.

"దేవుని జాగల నాగలి పెడ్తరా ఎవలన్న? నా పేరు మీదున్న రెండెకరాలు అమ్మకే రాసిస్త. గుడి కడ్దం. అక్కడ దున్నుడొద్దు, వండుడొద్దు, పండుడొద్దు."

జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో అన్న నా వైపు చూసి నవ్వాడు. తనకు దక్కనిది ఆమెకూ దక్కకుండా చేశాడు, పైగా పుణ్యాత్ముడయ్యాడు. అత్త ముఖం ఒక్కసారిగా చిన్నదైపోయింది.

సిద్ధప్ప చెయ్యి ఎత్తాడు. "ఆగుండ్రి. ఎంకమ్మ నోటి మాట మీదనే అది గుడైంది. ఎంకమ్మనే చెప్పాలె. వెంచరోళ్ళ కమానే అంటే ఇయ్యాలనే కూలగొడ్దం, ఎప్పటి లెక్క ఆమె దున్నుకుంటది, శ్రీశైలు అడ్డం రావద్దు. దేవుని జాగ అంటే ఎవ్వలు దున్నొద్దు, ఆమె గూడ. ఇగ దీని మీద మల్ల మాట ఉండది."

నేను లేచాను. "నేను గీసిన పెద్దయ్యా. ప్లాట్ల కోసం గీసిన. అది సిమెంటు, ఇనుప సలాక. అండ్ల దేవుడు లేడు, ఏం లేడు."

"ఆ దినం బస్సు ముంగట గుడి అంటివి," అన్నారెవరో వెనక నుంచి. "ఇయ్యాల సిమెంటు అంటున్నవ్. నీకెప్పుడు ఏది అక్కెరుంటే అదేనా?" జనం నవ్వారు. నేను నిలబడే ఉన్నాను.

"ఎంకమ్మా, నువ్వు చెప్పు," అన్నాడు సిద్ధప్ప.

అత్త నా వైపు చూసింది. కమాను అనమని నేను కళ్ళతోనే బతిమాలాను. ఒక్క మాట. జీవితమంతా ఊరందరినీ నోటికొచ్చింది అన్న మనిషికి ఆ ఒక్క మాట ఎంత పని? ఆమె కొంగు భుజం మీదుగా కప్పుకుని లేచింది.

"మొదటి దినం జగడానికే దీపం పెట్టిన. ఎందుకు దాచాలె? ఈ శ్రీశైలుగాని కండ్లల్ల కారం కొట్టాలెననే పెట్టిన. రెండో దినం పెట్టేతప్పుడు చేతులు వాటంతట అవే మొక్కినయి. నెల దాటింది, దినాం మొక్కుతున్న. ఇప్పుడు చేను కోసం లేదంటే నా నోట్ల మన్నువడ." సిద్ధప్ప వైపు తిరిగింది. "అది అమ్మ జాగనే."

మూడో రోజు వాన పడింది. మొదటి వానకే ఊళ్ళోని ఎడ్లన్నీ చేలల్లో దిగాయి. అత్తను బీదర్ తీసుకుపోదామని ఆటో మాట్లాడుకుని వెళ్ళాను. రేకుల గది అప్పటికే విప్పేశారు. ఆమె రోడ్డు పక్కన ట్రంకు పెట్టె మీద కూర్చుని ఉంది, ఒళ్ళో విత్తనం సంచి. ఎర్ర ద్వారం కింద అన్న ఎవరితోనో గుడి పునాది కొలిపిస్తున్నాడు.

"అత్తా, పోదాం పా. మా ఇంట్ల నీకేం కొదువ లేదు."

"నీ ఇంట్ల నేనేం దున్నాలె?"

"నన్ను తిట్టరాదు అత్తా," అన్నాను. "గా దినం ఉమ్మినట్టు ఉమ్మరాదు."

"ఏమని తిట్టాలెరా?" అంది. కోపం లేదు ఆ గొంతులో, అదే నాకు భరించరానిదైంది. "నువ్వు అబద్ధం చెప్పి ముంచినా బాగుండు. నిజమే చెప్పినవ్. తిట్టుకునేతందుకు గూడ ఏం లేకుంట చేసినవ్."

రోడ్డవతల సిద్ధప్ప చేనులో విత్తనం వేసే ఆడవాళ్ళు వరస కడుతున్నారు. ఒకామె తక్కువైందని వాళ్ళను నడిపే రాచమ్మ కేకేసింది. అత్త కందుల సంచి నా చేతిలో పెట్టి, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని రోడ్డు దాటింది. వాళ్ళు వేరే విత్తనం ఇస్తే కొంగులో పోయించుకుని, వరసలో చివరన నిలబడి, వంగింది.

ఆటో అతను ఇంకెంతసేపని రెండుసార్లు అడిగాడు. నేను ఆ సంచి పట్టుకుని అక్కడే నిలబడ్డాను. సాలు చివరిదాకా పోయి మళ్ళీ ఇటు తిరిగినప్పుడు కూడా ఆమె తల ఎత్తలేదు.